కర్ర ఎత్తినోడి కష్టం



యుక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో పొద్దుతిరుగుడు నూనె, పొటాష్ ధరలు ఎలా ఎగబాకాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఈరోజు నేను చెప్పేది ధరల సంగతి కాదు, అణుబాంబు సంగతి.

గట్టు తగాదాలో ఒకాయన రోజూ కర్ర ఎత్తి "ఇటు అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతా" అంటాడనుకోండి. కొట్టడు. కొన్నాళ్లకి అవతలోడికి భయం పోద్ది. అప్పుడు ఇంట్లోవాళ్లే "ఒక్కసారి కొట్టి చూపించు, లేకపోతే విలువేముంది" అని ఎగదోస్తారు. ఇప్పుడు రష్యాలో నడుస్తున్న వాదన అచ్చం ఇదే.

2022 సెప్టెంబరులో పుతిన్ టీవీలో చెప్పాడు: మా నేలకు ముప్పొస్తే ఉన్న ఆయుధాలన్నీ వాడతాం, ఇది ఉత్తి బెదిరింపు కాదు అని. ఆ నెలాఖరుకే యుక్రెయిన్‌లో నాలుగు ప్రాంతాలు మావే అన్నాడు. నవంబరులో అందులోని ఖేర్సన్ పట్టణం వదిలి ఆయన సైన్యమే వెనక్కొచ్చింది. బాంబు పడలేదు.

2023 జూన్‌లో కరగనోవ్ అనే పెద్ద మేధావి రాశాడు: పడమటి దేశాలకు మనమంటే భయం పోయింది, ఆ భయం మళ్లీ రావాలంటే అవసరమైతే అణుబాంబు వేయాల్సిందే అని. అక్కడి నిపుణుల్లోనే కొందరు అది తప్పని జవాబు రాశారు. 2024 ఆగస్టులో యుక్రెయిన్ సైన్యం రష్యా సొంత నేల కుర్‌స్క్‌లోకే దిగింది. అప్పుడూ పడలేదు.

కానీ ఆ నవంబరులో రూలు మార్చారు. మామూలు ఆయుధాల దాడికి అణుబాంబుతో జవాబివ్వాలంటే, అంతకుముందు దేశం ఉనికికే ముప్పు రావాలి. ఇప్పుడు దేశ సార్వభౌమత్వానికో, సరిహద్దులకో పెద్ద ముప్పొస్తే చాలు.

నా మాట ఒకటే. ఎత్తిన కర్ర దించడం అవమానం కాదు. మాట నిలబెట్టుకోవడానికి కొట్టడమే అసలు ప్రమాదం. కాదని రాసిన ఆ కొద్దిమందే నాకు తెలివైనవాళ్లుగా కనిపిస్తున్నారు.

మన దగ్గరా అణుబాంబు ఉంది. ముందుగా మేం వాడం అని మన దేశం 2003లో కాగితం మీద పెట్టింది. ఆ మాట పిరికితనం కాదు, పెద్దరికం. రచ్చబండ దగ్గర "ఒక్కటేస్తే పోలా" అనేవాళ్లకి ఇది చెప్పండి. ఆ బాంబు పడ్డాక గట్టుకి ఇటు, అటు అని ఉండదు.

ఉంటాను.