నలువదియెనిమిది కంఠములు

తాళము వేయువాడు పాట బాగుగ లేదన్నచో వినువా రెందరు? ఇంగ్లండునందలి స్టాక్‌పోర్టులో 1972లో వెలసిన టెన్ సీసీ అను బృందమున డ్రమ్ములు వాయించిన కెవిన్ గాడ్లీ యట్లే యనెను. చిత్రకళ నభ్యసించినవాడు, పాటలు కట్టనేర్చినవాడు. తోడివా రిద్దరు వ్రాసిన 'ఐయామ్ నాట్ ఇన్ లవ్' అను గీత మతనికి రుచింపలేదు. పాట మూలబడెను. పిమ్మట, వట్టి గొంతులతో దానిని నింపుదమని యతడే సూచించెను. ముగ్గురు గాయకు లొక్కొక్క స్వరమును పదునారుమార్లు పాడి టేపుపై పేర్చగా, స్వరమునకు 48 కంఠము లయ్యెను. ఈ పనికి మూడు వారములు పట్టెను. నడుమ వినవచ్చు గుసగుస మాత్రము గాయనిది కాదు. ఆ స్టూడియోలో వచ్చిపోవువారిని పలుకరించు ఉద్యోగినిది. నాకు మిక్కిలి యిష్టమైన భాగ మదియే. 1975లో ఆ పాట బ్రిటనులో ప్రథమస్థాన మందెను.

మఱుసటియేడే గాడ్లీయు, మిత్రుడు లాల్ క్రీమును బృందమును వీడిరి. గిటారుతీగలను చిన్నచక్రములతో మ్రోగించు గిజ్మో యను సాధనముపై వారి మనసు పోయెను. దానికై 1977లో మూడు రికార్డుల సంపుటి వెలువరించిరి, జనము మెచ్చలేదు. అంతట చలనచిత్రములవైపు మరలి, పెక్కుమంది గాయకుల పాటలకు దృశ్యములు కూర్చిరి. 1985లో తమ 'క్రై' పాటకు తీసిన చిత్రమున ఒకరి ముఖము మఱొకరి ముఖములో కరగిపోవును. ఆడువా రెవరో, మగవా రెవరో, ఏ కన్ను లెవరివో, చూచుచుండగనే పోల్చుకొనలేకపోవుదుము.