పక్కన ఎగిరే రెండవ విమానం

పటం మీద అహ్మదాబాదు నుంచి బొంబాయిలోని జుహూ వరకు ఒక సరళరేఖ గీస్తే, అది సూరత్ నగరాన్ని ఒరుసుకొంటూ, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి దాపుగా, డుమాస్ తీరం మీదుగా సాగుతుంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా తన చిన్న పస్ మాత్ విమానంలో టపాతో ప్రయాణించింది ఈ రెండు ఊళ్ళ నడుమనే. ఆ ఉదయం ఆయన ఒంటరిగా కరాచీలో బయలుదేరి, అహ్మదాబాదులో పెట్రోలు నింపుకొని, మధ్యాహ్నానికి జుహూ చేరారు. అక్కడి నుంచి ఆ టపాను నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. భారతదేశపు పౌర విమానయానానికి అది నాంది.

1962లో ఒకసారి, 1982లో మరొకసారి టాటా ఆ ప్రయాణాన్ని పునరావృతం చేశారు. రెండుసార్లూ ఆయన నడిపింది పస్ మాత్‌కు తోబుట్టువు వంటి లెపర్డ్ మాత్ విమానాన్నే. రెండవసారి ఆయన వయస్సు 78 ఏళ్ళు. డి హావిలాండ్ సంస్థ తన చిన్న విమానాలకు చిమ్మెటల పేర్లు పెట్టటం పరిపాటి. చిమ్మెట రెక్కలు ముడుచుకొన్నట్లే, వీటి రెక్కలను కూడ వెనుకకు మడిచి చిన్న కొట్టంలో దాచవచ్చు.

ఇటువంటి విమానం ఆకాశంలో పోతూ ఉండగా తీరాన నిలబడినవానికి కనిపించేదేమిటి? దాని అడుగుభాగం మాత్రమే, అదీ నీడలో. వెలుతురుతో నిండిన ఆకాశం ముందు అది ఒక నల్లని గుర్తులా కదలిపోతుంది. నిజానికి పాతకాలపు విమానం అందమంతా పైభాగంలోనే ఉంటుంది. గుడ్డ కప్పిన రెక్కలలోంచి లీలగా కనిపించే పక్కటెముకలు, రెక్కమీద రాసిన పెద్ద పెద్ద నమోదు అక్షరాలు, గాలి అద్దం వెనుక పైలట్ తల - ఇవేవీ నేలకు కనిపించవు. వాటిని చూడాలంటే ఆ విమానంతో సమానమైన ఎత్తుకు, సమానమైన వేగానికి మనం చేరాలి. అందుకు రెండవ విమానం కావాలి.

ఎగిరే విమానాన్ని ఎగిరే మరో విమానం నుంచి చిత్రించటం ఒక ప్రత్యేక విద్యగా పెరిగింది. ఇంగ్లండులో చార్లెస్ ఇ. బ్రౌన్ అనే ఛాయాగ్రాహకుడు రెండు ప్రపంచ యుద్ధాల నడుమనే దీనిలో పేరు తెచ్చుకొన్నాడు. మేఘాల మీద ఒరిగి తిరుగుతున్న యుద్ధ విమానాలను ఆయన చిత్రించిన తీరు తరువాతి వారికి ఒరవడి అయింది. ఆయన ఛాయాచిత్ర సంపద ఈనాడు బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆ విమానాలలో అనేకం తుక్కుగా మారిపోయాయి. అవి ఎగిరిన తీరుకు ఇప్పుడు ఆ చిత్రాలే సాక్ష్యం.

చూసేవారు సాధారణంగా ఒక పొరపాటు పడుతుంటారు. ఫోటో తీసే విమానం పాత విమానాన్ని వెంబడిస్తూ, దాని చుట్టూ తిరుగుతూ ఉంటుందని వారు ఊహిస్తారు. సాధారణంగా జరిగేది ఇందుకు విరుద్ధం. కెమెరా ఉన్న విమానమే ముందుండి దారి చూపుతుంది. అది నిర్ణీతమైన వేగంతో, నిర్ణీతమైన ఎత్తులో, తొణకకుండా సాగుతుంది. పాత విమానమే దాని దగ్గరకు వచ్చి, పక్కన కుదురుకొని, దూరాన్ని కాపాడుకొంటుంది. ఇద్దరూ ఒకరినొకరు సవరించుకోవటం మొదలుపెడితే, ఇరుకు సందులో ఎదురుపడి ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకొనే బాటసారుల గతే పడుతుంది. అందువల్ల కదలేవాడు ఒక్కడే ఉండాలన్నది మొదటి నియమం.

రెండవ చిక్కు వేగం. టైగర్ మాత్ సుఖంగా ఎగిరే వేగం గంటకు సుమారు 110 కిలోమీటర్లు. డకోటా విమానం గాలిలో నిలబడటానికి కావలసిన కనిష్ఠ వేగం కూడ దాదాపు అంతే. అంటే ఒకటి హాయిగా విహరించే వేగంలో మరొకటి కూలిపోయే అంచున ఉంటుంది. ఈనాటి నాలుగు సీట్ల చిన్న విమానాలను కెమెరాకు వాడినా, టైగర్ మాత్ పక్కన అవి తమ కనిష్ఠ వేగానికి చేరువగా, ముక్కు పైకెత్తుకొని తేలవలసి వస్తుంది. వేగం అంతగా తగ్గిన విమానానికి అదుపు మందగిస్తుంది. కనుక ఎవరి కోసం ఎవరు ఎంత తగ్గాలో నేలమీదనే లెక్క కట్టుకోవాలి.

మూడవ చిక్కు ముక్కున తిరిగే ప్రొపెల్లర్. వేగంగా కదిలే వస్తువును స్పష్టంగా పట్టుకోవాలంటే కెమెరా తెర సెకనులో 1000వ వంతు కాలమే తెరుచుకోవాలని మామూలు ఛాయాగ్రాహకుడు అనుకొంటాడు. ప్రొపెల్లర్ నిమిషానికి 2100 సార్లు తిరుగుతున్నదనుకొందాం. అది సెకనుకు 35 చుట్లు. సెకనులో 1000వ వంతు కాలంలో అది 13 డిగ్రీలు కూడ తిరగదు. ఫలితంగా చిత్రంలో రెండు రేకులూ కొయ్యముక్కల్లా నిలిచిపోతాయి. ఇంజను ఆగి, విమానం గాలిలో వ్రేలాడుతున్నట్లు కనిపిస్తుంది. అదే సెకనులో 60వ వంతు తెరిస్తే ప్రొపెల్లర్ 210 డిగ్రీలు తిరుగుతుంది. రెండు రేకులూ కలిసి పలుచని పూర్తి వలయాన్ని గీస్తాయి. అప్పుడే విమానానికి ప్రాణం వస్తుంది.

కాని 60వ వంతు కాలం చేతిలో కెమెరాను కదలకుండా పట్టుకోవటం నేలమీదనే కష్టం. అక్కడ విమానం అదురుతూ ఉంటుంది. తలుపు తీసేసిన ద్వారంలోంచి గాలి ఈడ్చి కొడుతుంది. ఛాయాగ్రాహకుడు పట్టీలతో తన్ను తాను కట్టుకొని, మోచేతిని గాని కెమెరాను గాని విమానపు చట్రానికి ఆనించకుండా, తన శరీరాన్నే మెత్తగా వాడుకోవాలి. ఆనిస్తే ఇంజను వణుకంతా కెమెరాలోకి పాకుతుంది. జేబులో ఒక పెన్ను కూడ ఉండకూడదు. జారిన చిన్న వస్తువు వెనుక వచ్చే విమానానికి తూటాతో సమానం. ఇంత జాగ్రత్తపడినా, తీసిన చిత్రాలలో పనికివచ్చేవి కొన్నే.

ఇక వెలుతురు. నడినెత్తిన సూర్యుడు ఉంటే రెండంతస్తుల రెక్కల విమానంలో పై రెక్క నీడ కింది రెక్కను కప్పేస్తుంది. కనుక ఉదయం, సాయంకాలం మాత్రమే తగిన వేళలు. ఉదయానికి మరో లాభం కూడ ఉంది: నేల వేడెక్కి గాలిని కుదిపేలోగా పని ముగించవచ్చు. సూరత్ తీరంలో పాత విమానాన్ని చిత్రించదలచినవాడు నేపథ్యాన్ని కూడ ఎంచుకోవాలి. తాపీకి ఉత్తరపు ఒడ్డున హజీరా కర్మాగారాల గొట్టాలు కనిపిస్తాయి. 1932 నాటి భ్రాంతి అక్కడ ఒక్క క్షణం కూడ నిలవదు. డుమాస్ నల్లని ఇసుక, ఆటుపోట్లకు తడిసి ఆరే బురద నేలలు, నదీముఖపు వంపులు మాత్రం కాలం తెలియనివ్వవు. వాటిని చిత్రంలోకి తేవాలంటే కెమెరా విమానం కొంచెం ఎత్తున ఉండి కిందికి చూడాలి. అయితే ఆ రేఖకు దిగువనే ఇప్పుడు సూరత్ విమానాశ్రయం ఉంది. జెట్ విమానాలు ఎక్కి దిగే ఆకాశంలో రెండు నెమ్మది విమానాలు జంటగా తిరగాలంటే నియంత్రణాధికారుల సమ్మతి లేనిదే అడుగు పడదు.

చట్టం కూడ ఈ పనిని తేలికగా వదలలేదు. 1937 నాటి భారత విమాన నిబంధనలలో 13వది, ఎగిరే విమానం నుంచి ఛాయాచిత్రాలు తీయటానికి పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ వ్రాతపూర్వకమైన అనుమతి అవసరమని నిర్దేశించింది.

ఇన్ని కట్టుబాట్లు దేనికని ఎవరైనా అడిగితే, 1966 జూన్ 8వ తేదీ సమాధానం చెబుతుంది. ఆనాడు కాలిఫోర్నియా ఆకాశంలో ఐదు విమానాలు ఒక ప్రచార చిత్రం కోసం జట్టుగా ఎగిరాయి. అన్నింటి ఇంజన్లూ ఒకే కంపెనీవి. నడుమ ఉన్నది ఎక్స్‌బి-70 వాల్కిరీ అనే మహా విమానం. ఒక చిన్న జెట్ నుంచి ఫోటోలు తీస్తున్నారు. పని పూర్తి కావచ్చిన సమయంలో పక్కనున్న ఎఫ్-104 విమానం వాల్కిరీ రెక్క కొసను తాకి, దాని మీదుగా దొర్లి, తోకలను తుంచివేసింది. ఎఫ్-104 నడుపుతున్న జో వాకర్, వాల్కిరీ సహచాలకుడు కార్ల్ క్రాస్ మరణించారు. వాల్కిరీ పైలట్ ఆల్ వైట్ తీవ్రమైన గాయాలతో బయటపడ్డాడు. జో వాకర్ అనుభవం లేనివాడు కాడు. ప్రపంచంలోకెల్లా నేర్పరులైన పరీక్షా పైలట్లలో ఒకడు. అంతటివానికి కూడ అంత పెద్ద విమానం పక్కన తన కదలికను సరిగా అంచనా వేయటం అసాధ్యమైంది.

పాత విమానాలకు ఇటువంటి ముప్పు తప్పదని 2022 నవంబరు 12న డల్లాస్‌లో మళ్ళీ రుజువైంది. అది ఫోటోల కోసం కాదు, ప్రదర్శన కోసం. రెండవ ప్రపంచ యుద్ధం నాటి బి-17, పి-63 విమానాలు గాలిలో ఢీకొని ఆరుగురు మరణించారు. విమానాల మధ్య ఎడాన్ని ఎలా కాపాడాలో ముందుగా తగినంతగా నిర్ణయించుకోకపోవటమే లోపమని దర్యాప్తు తేల్చింది.

అందుకే అనుభవజ్ఞులు ఈ చిత్రం నేలమీదనే తయారవుతుందని భావిస్తారు. పాల్గొనే ప్రతి ఒక్కరూ ఒకచోట కూర్చుని ఎవరు ఎటు నుంచి వచ్చి చేరాలి, ఎంత దూరంలో ఆగాలి, ఏ చేతి సంజ్ఞకు ఏమి అర్థం, రేడియో మూగబోతే ఏమి చేయాలి అనేవి వల్లె వేస్తారు. ముందున్న విమానం కంటికి కనిపించకుండా పోతే, పక్కవాడు అనుకొన్న దిక్కుకే తప్పుకొని దూరమై, ఆ తరువాతనే మాట్లాడాలి. ముందున్న విమానం రెక్కల కొసల నుంచి పుట్టే సుడిగాలిలోకి ఎవరూ చొరబడకూడదు. ఛాయాగ్రాహకుడు ఎంతటి దృశ్యం కోసం తహతహలాడినా, ఇంకా దగ్గరకు రమ్మనే అధికారం అతనికి లేదు. తుది మాట పైలట్లదే.

మన దేశంలో ఎగరగల పాత విమానాలు బహు తక్కువ. వైమానిక దళం బాగుచేయించిన టైగర్ మాత్ 2012 అక్టోబరు 8న, దళం 80వ వార్షికోత్సవం నాడు హిండన్‌లో ఎగిరింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో ప్రాథమిక శిక్షణ పొందిన యువకులు నేర్చుకొన్నది ఈ జాతి విమానం మీదనే. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సైనికులను దింపిన డకోటాను స్మరిస్తూ, దాని వి.పి.-905 అనే గుర్తునే ధరించిన మరో డకోటా 2018లో ఇంగ్లండు నుంచి ఎగిరి వచ్చి, మొదట గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో దిగింది. రాజీవ్ చంద్రశేఖర్ దానిని బాగుచేయించి వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి డకోటాలు నడిపిన వైమానికుడు.

ఇటువంటి విమానాలు మ్యూజియంలో ఉంటే క్షేమమని కొందరి వాదన. అది కొట్టిపారేయదగింది కాదు. ఒకటి కూలితే దానికి బదులు మరొకటి దొరకదు. కాని ఎగరని విమానం తాను దేనికోసం పుట్టిందో చెప్పలేదు. నాలుగు గంటల ప్రయాణానికి పోయే ఆయువును ఒక్క గంటలో తీసిన చిత్రాలు ఆదా చేయగలవు. ఆ పైన దానిని విశ్రాంతిగా ఉంచవచ్చు.

ఇక మీదట అటువంటి చిత్రం చేతికి వస్తే పైలట్ ముఖాన్ని పరిశీలించండి. అతడు ముందుకు చూడడు. మనవైపే చూస్తూ ఉంటాడు. ఫోటో కోసం ఠీవిగా తల తిప్పాడని అనిపిస్తుంది. అతడు చూస్తున్నది కెమెరాను కాదు. చిత్రంలో ఎన్నటికీ కనిపించని రెండవ విమానపు రెక్కను చూస్తున్నాడు. తన దారిని, తన ప్రాణాన్ని దానికి అప్పగించి, దాని మీద నుంచి రెప్ప వాల్చకుండా ఎగురుతున్నాడు.