ఎండుటాకులు, తోట చెత్త సేకరణ కేంద్రాల నిర్వహణపై బెంగళూరు నివాసుల సంఘం తీర్మానం

సభ గుర్తించినదేమనగా: చలి తగ్గి ఎండ ముదిరే నెలల్లో మన వీధుల్లో కానుగ, నిద్రగన్నేరు, రావి చెట్లు ఆకు రాల్చి చిగురిస్తాయి. ఆ ఆకును ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి వీధి మొగలో వదిలేయడం అలవాటైపోయింది. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు తప్పనిసరి చేసిన రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిలో తడి చెత్తకు, పొడి చెత్తకు, పారవేయక తప్పని చెత్తకు చోటు దొరికింది. ఎండుటాకు ఆ మూడింటిలో దేనిలోనూ ఇమడదు. దానికి నాలుగో చోటు కావాలి.

సభ గుర్తించినదేమనగా: 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ చోటేదో చెప్పాయి. ఉద్యానవనాల చెత్తను విడిగా సేకరించి, వీలైనంతవరకు అక్కడే ఎరువు చేయాలన్నాయి. ఊడ్చిన ఆకును కాల్చకుండా విడిగా అప్పగించేలా చూడాలన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది.

సభ విచారిస్తున్నదేమనగా: ఇన్నేళ్ల తరువాత కూడా తెల్లవారుజామున ఆకు పొగ మన కిటికీల్లోకి వస్తూనే ఉంది. ఆకు పోయడానికి చోటు చూపకుండా, మోయడానికి బండి ఇవ్వకుండా, నిప్పు పెట్టిన తప్పును ఊడ్చిన మనిషిపై మోపడం అన్యాయమని సభ అభిప్రాయం.

సభ జ్ఞాపకం చేస్తున్నదేమనగా: 2012లో నగరం చెత్త పోసే మావళ్లిపురకు లారీలు ఆగినప్పుడు నగరం చెత్తకుప్పల మధ్య బతికింది. 2014 డిసెంబరు నుంచి మండూరుకూ ఆగాయి. కలగలిపి పంపిన మన చెత్త ఆ పల్లెల నీళ్లను, గాలిని పాడుచేసింది. ఇంకో పల్లెను మన పెంటదిబ్బ చేసే ఏ ప్రతిపాదనకూ ఈ సంఘం సమ్మతించదు.

సభ తీర్మానించినదేమనగా: పార్కు మూలలో ఇనుప వల తొట్లతో ఆకు కేంద్రం నడపాలి. ఆకులు, గడ్డి, బొటనవేలి లావు మించని పుల్లలు మాత్రమే అందులో వేయాలి. కొబ్బరి బొండాలను తీసుకోరాదు. ఆయుధపూజ మర్నాడు వీధులకెక్కే అరటి బోదెలకు, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలకు వేరే గొయ్యి తీయాలి; వాటి నీరు ఆకుపోగును కుళ్లబెడుతుంది.

సభ తీర్మానించినదేమనగా: వంటింటి తొక్కలను ఆకు తొట్లలో కాక వేరే పోగులో వేయాలి; వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకు మందంగా కప్పాలి, వారానికొకసారి పోగు తిరగేయాలి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడవాలి గాని నీరు కారకూడదు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైనట్టే, ఆకు చేర్చాలి. ఈ లెక్క చూసే బాధ్యత నెలకొక ఇంటివారిది.

సభ తీర్మానించినదేమనగా: కేంద్రంలో పనిచేసే పౌరకార్మికులకు, అంటే పారిశుద్ధ్య కార్మికులకు, చేతి తొడుగులు, నీడ, కొళాయి, మరుగుదొడ్డి ఉండాలి. అదనపు పనికి అదనపు కూలి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. ఈ నగర పౌరకార్మికుల్లో ఇంట తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. కేంద్రం పద్ధతులు కన్నడంతో పాటు తెలుగులోనూ నోటిమాటగా చెప్పాలి. బోర్డు ఒక్కటే చాలదు.

సభ తీర్మానించినదేమనగా: పండిన ఎరువు మొదట ఆకు రాల్చిన చెట్ల పాదులకే వెళ్లాలి, మిగిలినది ఇళ్లకు పంచాలి.

సభ కోరుతున్నదేమనగా: 2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఏర్పడిన ఐదు నగరపాలక సంస్థల్లో మనది ఏదైతే అది, పెద్ద కొమ్మలను తునకలు చేసే యంత్రాన్ని వంతులవారీగా వార్డులకు పంపాలి. కొమ్మలు నరికినవారే వాటిని అదే రోజు ఎత్తాలి.

ఈ తీర్మానం ప్రతిని నగరపాలక కమిషనర్‌కు పంపాలని, కన్నడ ప్రతిని పార్కు గేటు వద్ద అంటించాలని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.