మన పత్రికకు ప్రకటనలు: ఎవరివి, ఎంతవఱకు

సహకార సంఘమువారు నడపు మాసపత్రికకు ఆదాయమార్గములు రెండే. ఒకటి సభ్యుల చందా. రెండవది సంఘనిధినుండి యిచ్చు సహాయము. పంట బాగుగ పండి బాకీలు సక్రమముగ వసూలైన యేట ఈ సహాయమునకు లోటుండదు. తుఫాను వచ్చి బకాయిలు పేరుకొన్న యేట కార్యవర్గమువారు ఖర్చు తగ్గింపదలచినచో మొట్టమొదట వారి కంటబడునది పత్రికయే. రైతునకు సలహా మిక్కిలి యవసరమైన యేడే సలహా చెప్పు పత్రిక చిక్కిపోవును. ఈ దురవస్థకు మందు మూడవ ఆదాయమార్గమును వెదకుకొనుటయే. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో మనతో నిత్యము క్రయవిక్రయములు జరుపు వర్తకుల ప్రకటనలే ఆ మార్గమని నా యభిప్రాయము.

ప్రకటనలనగానే ముఖము చిట్లించు పెద్దలు మనలో గలరు. వారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. గాంధీమహాత్ముడు యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికలలో ప్రకటనలు వేయుటకు మొదటినుండియు సమ్మతింపలేదు. అందువలననే ఆ పత్రికల స్వాతంత్ర్యము నిలిచినదని ఆయన నమ్మకము. మఱియొకవైపు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర గలదు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నెలకొల్పి, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగ ఆరంభించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగ వెలువరించినారు. తలనొప్పి మందు సంపాదించిన ధనము తెలుగు పత్రికకు అండయైనది. ఈ రెండు చరిత్రలును చెప్పు నీతి యొక్కటే: పత్రికను పోషించు చేయి తనదైన పక్షమున భయము లేదు, పరునిదైనచో, అందును ఒక్కనిదే యైనచో, భయమున్నది. మనకు అమృతాంజనము లేదు. కావున ఒక పెద్ద కంపెనీ చేతిని పట్టుకొనుటకంటె ఇరువది చిన్న చేతులను పట్టుకొనుట క్షేమము. ఇరువదిమందిలో ఒకడు అలిగి తన ప్రకటన మానుకొన్నను పత్రిక ఆగదు. ఎవ్వడును సంపాదకుని కలము పట్టుకొనలేడు.

ఇది విదేశములలో ఏనాడో నడచిన త్రోవ. అమెరికాలో విల్మర్ అట్కిన్సన్ అను నాతడు 1877లో ఫార్మ్ జర్నల్ అను వ్యవసాయ పత్రికను స్థాపించెను. ఫిలడెల్ఫియా పట్టణమునుండి గుఱ్ఱపుబండిపై ఒక్కదినపు ప్రయాణములోపల నివసించు రైతులే దాని తొలి పాఠకులు. 1880లో ఆ పత్రిక తన చందాదారులకు ఒక మాట యిచ్చెను: మా పత్రికలో ప్రకటించిన వర్తకుడు కావలెనని మోసము చేసినచో, మీకు కలిగిన నష్టమును మేమే పూడ్తుము. ఈ మాటవలన మోసగాండ్ర ప్రకటనలు చేర్చుకొనుటకు పత్రికవారే జంకవలసి వచ్చును. నిజాయితీగల వర్తకునకు మాత్రము ఆ పుటలలో తన పేరుండుటయే గౌరవపత్రమగును. నష్టము పూడ్చు శక్తి మన సంఘములకు లేకపోవచ్చును. ఆ మాటయందలి ధర్మమును పాటించు శక్తి మాత్రము గలదు.

ఇక వర్తకుని ఒప్పించు మార్గము. మనవారు సాధారణముగ అంగడికి పోయి, "అయ్యా, మన రైతుల పత్రిక, తమరు కొంచెము సహాయము చేయవలెను" అని చేయిచాచుదురు. నాటకమునకు, తిరునాళ్లకు చందా యిచ్చినట్లే ఆ వర్తకుడు ఒకసారి యిచ్చి, రెండవసారి మొగము చాటువేయును. ఇది యాచన కాదు, బేరము. మనము అమ్ముచున్న సరుకు ఏదో మనకు తెలిసియుండవలెను. ప్రతులెన్ని? ఏయే గ్రామములకు పోవుచున్నవి? వానిని చదువువారు ఎన్ని ఎకరములు, ఏ పంట పండింతురు? ఏ మాసమున ఏ వస్తువు కొందురు? ఈ నాలుగు ప్రశ్నలకు ఒక్క కాగితముపై సమాధానము వ్రాసి వర్తకుని చేతికిచ్చిన చాలును. లక్షలమంది చదువు దినపత్రికలో ప్రకటించినచో అతని మాట ఎన్నడును రేపల్లె బజారు త్రొక్కనివారికి సైతము చేరును. అతడు వారికొఱకును డబ్బు చెల్లింపవలెను. మన పత్రిక చదువువాడు వారమునకొకసారి అతని అంగడిముందు నడచువాడే.

ఋతువునుబట్టి ప్రకటనలను అమర్చుట ముఖ్యము. మే, జూన్ సంచికలు విత్తనమునకు, నారుమడి పనిముట్లకు తగినవి. కాలువకు నీరు వదలి నాట్లు సాగు జూలై, ఆగస్టు మాసములలో నాటుయంత్రములను అద్దెకిచ్చువారును, మోటారు వైండింగు చేయువారును ప్రకటింపవలెను. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతకు రెండుమూడు దినముల ముందు మినుము చల్లు అలవాటు గలదు. కావున మినుము విత్తనపు ప్రకటన అక్టోబరు సంచికలోనే రావలెను. కోతయంత్రములు, గోనెసంచులు, టార్పాలిన్ పట్టలు నవంబరునకు చెందినవి. పసుపు ఉడికించు సామగ్రి దుగ్గిరాల వైపు రైతునకు జనవరిలో కావలెను. పంటడబ్బు చేతికి వచ్చి పెండ్లిండ్లు జరుగు కాలమున తెనాలి బట్టలవర్తకుడును, నగలవర్తకుడును మనలను వెదకుకొనుచు రాగలరు. దాణా, పశువైద్యము, నిమ్మకాయల కొనుబడి మొదలైనవి సంవత్సరము పొడుగునను ఉండదగినవి.

ప్రకటన రైతునకు ఒక్కొక్కప్పుడు వార్తతో సమానము. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నేలకొరిగెను, కోసిన పనలు నీట నానెను. అట్టి దినములలో పట్టలెచ్చట దొరకును, నీరు తోడు ఇంజను ఎవరియొద్ద నున్నది, బురదలో నడచు గొలుసుచక్రముల కోతయంత్రమునకు గంట కెంత బాడుగ అను సంగతులు తెలిసిన రైతు ఒక్కదినము ముందుగ మేల్కొనును. నవంబరు సంచికలో ఈ వివరములు ధరలతోగూడ అచ్చుపడియున్నచో, ఆపదవేళ బాడుగ ఇష్టము వచ్చినట్లు పెంచుటకు ఎవరైనను కొంత సందేహింతురు. ఈ కారణముననే ధర వేయని ప్రకటనకంటె ధర వేసిన ప్రకటనకు మంచి చోటు నియ్యవలెనని నా సూచన.

రుసుము ఎంతయని అడుగుదురు. ఉదాహరణకు వేయి ప్రతుల పత్రికకు ప్రతికి 15 రూపాయల చొప్పున సంచికకు 15,000 రూపాయలు ఖర్చనుకొందము. పావుపుట ప్రకటన 500 రూపాయల చొప్పున ఎనిమిది దొరికినను 4,000 రూపాయలు వచ్చును. వానికి పట్టునది రెండే పుటలు. ఖర్చులో నాలుగవ వంతుకు మించి తీరినది. తక్కిన పుటలన్నియు రైతువే. దీనికి మించి ఆశపడి పుట విడిచి పుట ప్రకటనలతో నింపినచో చదువువాడు పోవును. చదువువాడు పోయిన పిదప వర్తకుడును పోవును.

ఎంతవఱకు అను ప్రశ్నకు ఇక సమాధానము. విత్తనములు, ఎరువులు, పురుగుమందుల ప్రకటనల విషయమున మనము కఠినముగ నుండవలెను. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి వంటి పేరుపడ్డ రకము పేరు సంచిపై అచ్చువేయుట ఎవరికైనను సులభమే. లోని గింజ ఏదో నారు పోసిన పిదపగాని తెలియదు. ధృవీకరించిన వరి విత్తనమునకు మొలకశాతము 80కి, మినుమునకు 75కి తక్కువ కాకూడదను ప్రమాణమున్నది. సంచికి నీలి చీటి యుండవలెను. 1966 విత్తన చట్టము, 1968 పురుగుమందుల చట్టము, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తరువు మనకు కొలబద్దలు. "జీవ" మను పేరిట అమ్ము ఉత్తేజకములను సైతము 2021లో ఆ ఉత్తరువు క్రిందికి తెచ్చినారు. లైసెన్సు ప్రతిని చూపని వర్తకుని ప్రకటన పుచ్చుకొనరాదు. ఎకరమునకు ఇన్ని బస్తాలు నిశ్చయమని వాగ్దానము చేయు ప్రకటనను ఎంత రుసుమిచ్చినను త్రోసివేయవలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపుచ్చు ప్రకటనను ప్రచురించినవారికిని 10 లక్షల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. సాధారణ వ్యాపారక్రమమున ప్రచురించితిమని ఋజువు చేసికొన్నవారికి మినహాయింపు గలదు. గాని మొలవని నారుమడిముందు నిలిచిన సభ్యునకు ఆ మినహాయింపు సమాధానము కాజాలదు.

సంఘమునకు సంబంధించిన నియమములు మఱి మూడు గలవు. కార్యవర్గ సభ్యుని అంగడికైనను, అతని బంధువు అంగడికైనను రుసుము అందఱితో సమానముగ నుండవలెను. ప్రకటనల ఆదాయమును ప్రత్యేకపద్దుగ చూపి వార్షిక మహాసభలో చదువవలెను. ప్రదర్శకుడు వ్రాసిన సలహాప్రక్కనే ఆ సలహాలోని మందు ప్రకటనను వేయరాదు. నావంటి ఉద్యోగి సలహాకు విలువ అది అమ్మకమునకు కాదను నమ్మకమువలననే గదా! ఆ నమ్మకము పోయినచో పత్రికకు ఎంత సొమ్ము వచ్చినను ప్రయోజనము లేదు.

సభ్యులకు ఒక చిన్న పని గలదు. ప్రకటన చూచి అంగడికి పోయినవారు, "మీ పేరు మా పత్రికలో చూచితిమి" అని ఒక్కమాట చెప్పుడు. వర్తకునకు ఇంతకంటె గొప్ప లెక్క లేదు. మఱుసటి సంవత్సరము అతడే ప్రకటన తెచ్చి యిచ్చును. సరుకు చెడినదైనచో ఆ సంగతి రసీదుతోగూడ సంఘమునకు వ్రాయుడు. అట్టి వర్తకుని విచారించి, తప్పు తేలినచో అతని పేరు పత్రికలో మరల రాకుండ చేయుట మన బాధ్యత. సహకారమనగా కూడి అప్పు తెచ్చుకొనుట మాత్రమే కాదు. కూడి కొనుట, కూడి కనిపెట్టియుండుట. రాబోవు మహాసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, నియమములను ముందు వ్రాసికొని, ఆ పిమ్మటనే మొదటి ప్రకటనను పుచ్చుకొనవలెనని సభ్యులకు నా మనవి.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు