గ్యాంగ్‌మన్ నోరు తెరిస్తేనే రైలు క్షేమం

రైలు ప్రమాదం జరిగితే తెల్లారేసరికి దొంగలిద్దరు దొరుకుతారు. ఒకరు డ్రైవరు, ఇంకొకరు గ్యాంగ్‌మన్. డ్రైవరు చచ్చిపోయుంటే పైవాళ్లకు ఇంకా సులువు. చచ్చినవాడు జవాబు చెప్పుకోలేడు కదా!

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో రంగాపాణి దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి గుద్దింది. కొన్ని గంటలు తిరక్కముందే తప్పంతా చనిపోయిన గూడ్సు డ్రైవరుదే అన్నారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది వేరు. తెల్లారి నుంచి సిగ్నళ్లు చెడిపోయున్నాయి. ఎర్ర సిగ్నల్ దాటిపోవచ్చని డ్రైవర్ల చేతికిచ్చిన కాగితమే సరైనది కాదు. ఎంత వేగంతో పోవాలో చెప్పే కాగితం ఇవ్వనేలేదు. ఆ పొద్దు ఆ దారిన పోయిన బండ్లలో నిబంధన ప్రకారం నెమ్మదిగా పోయింది ఒక్క కాంచన్‌జంగానే. అంటే తప్పు ఒక్క మనిషిది కాదు, పద్ధతిది.

ఏ పెద్ద ప్రమాదమూ చెప్పకుండా రాదు. ముందు చిన్నగా తలుపు తడుతుంది. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హొసదుర్గ రోడ్ స్టేషన్‌లో సిగ్నల్ ఒక దారి చూపితే పట్టా ఇంకో దారికి తిరిగుంది. డ్రైవరు కళ్లు తెరుచుకొని ఉన్నాడు కాబట్టి బండి ఆపాడు. గండం తప్పింది. ఒక పెద్ద ఆఫీసరు మరునాడే హెచ్చరిస్తూ ఉత్తరం రాశాడు. నాలుగు నెలలు తిరక్కముందే, జూన్ 2న, బాలాసోర్ దగ్గర సిగ్నల్ లోపమే 290 మందికి పైగా ప్రాణాలు తీసింది. అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో 2022 మేలోనే తప్పుడు వైరింగు వల్ల అలాంటి ఘటన జరిగింది. దాన్ని అప్పుడే సరిదిద్దుకొని ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదని భద్రతా కమిషనరే రాశాడు. ఆఫీసరు ఉత్తరానికే ఈ గతి పడితే గ్యాంగ్‌మన్ మాట ఎవరు వింటారు?

రేణిగుంట, పాకాల, గూడూరు దిక్కున మన వాడల నుంచి రైల్వేకి పోయినవాళ్లు ఎక్కడున్నారో చూడండి. సుత్తి, స్పానరు భుజానేసుకొని పట్టాల మీద నడుస్తున్నారు. పేరు ‘ట్రాక్ మెయింటెయినర్’ అని మారింది గానీ బతుకు మారలేదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అంటరాని రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చెప్పిందిదే. మనవాడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడు. స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి కాబట్టి, ముట్టుకోకూడని మనిషిని పోర్టరుగా కూడా పెట్టుకోరన్నాడు.

పట్టా ఎక్కడ పగిలిందో, ఏ పొద్దు బండి తగలబోయి తప్పుకున్నాడో ఆ గ్యాంగ్‌మన్‌కే తెలుసు. చెప్తే ఏమవుతుంది? “నువ్వెందుకు చూసుకోలేదు?” అని ఛార్జిషీటు. సెలవు, క్వార్టరు, బదిలీ అన్నీ పైవాడి చేతిలోనే. ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవరుకు ఉద్యోగమే పోవచ్చు. అందుకే నోరు మూసుకుంటారు. కాకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, అంతకుముందు ఐదేళ్లు నిండకుండానే పనిలో చనిపోయిన రైల్వే సిబ్బంది దాదాపు 1600 మంది. గాయపడినవాళ్లు 8700 మంది. ఈ చావులకు హెడ్‌లైన్లు లేవు.

వేరే దేశాల్లో దారి వెతికారు. బ్రిటన్‌లో 1996లో స్కాట్లాండ్‌లో ఒక ఏర్పాటు మొదలైంది. కార్మికుడు తను చూసిన ప్రమాదాన్ని యజమానికి కాక బయటి సంస్థకు చెప్తాడు. పేరు బయటికి రాదు. 1999లో లండన్‌లో లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర 31 మంది చనిపోయాక దాన్ని దేశమంతా పెట్టారు. అమెరికాలో 2007 నుంచి ఉంది. అక్కడ రిపోర్టు తీసుకునేది నాసా. పేర్లు తీసేసి, కార్మికులూ యాజమాన్యమూ ప్రభుత్వమూ కూర్చున్న కమిటీకి పంపుతుంది. తప్పిన గండాన్ని తానై చెప్పినవాడికి శిక్ష నుంచి, లైసెన్సు రద్దు నుంచి రక్షణ ఉంటుంది. నిజంగా ప్రమాదం జరిగినా, నేరం చేసినా ఆ రక్షణ లేదు. కాబట్టి తప్పు చేసినవాణ్ణి వదిలేస్తారన్న మాట చెల్లదు.

అలాగని పేరు తీసేస్తే చాలదు. పదిమంది ఉన్న గ్యాంగులో ఎవరు చెప్పారో ఇట్టే తెలిసిపోతుంది. అందులో దళితుడైతే అనుమానం మొదట ఆయన మీదే. కాబట్టి మనం అడగాల్సింది ఇది: రిపోర్టు రైల్వే బయట ఉన్న స్వతంత్ర సంస్థకే పోవాలి. రక్షణ డ్రైవరుకే కాదు, గ్యాంగ్‌మన్‌కీ, గేట్‌మన్‌కీ, కాంట్రాక్టు కూలీకీ ఉండాలి. తెలుగులో, నోటిమాటతో కూడా చెప్పుకునే వీలుండాలి. విచారించే కమిటీలో పట్టాల మీద పనిచేసే దళితులు కూర్చోవాలి. చెప్పినందుకు కక్ష సాధించిన ఆఫీసరుకు శిక్ష పడాలి.

కార్యకర్తలారా! మీ ఊళ్లో రైల్వేలో పనిచేసే అన్నల దగ్గరికి పోండి. ఏ గండాలు తప్పాయో అడగండి. పేర్లు రాయకుండా తేదీ, చోటు, జరిగింది రాసుకోండి. యూనియన్ ఏదైనా సరే, వాటిని దాని ముందు పెట్టండి. మన మనిషి నోరు తెరిచిన రోజే ఆయనా బతుకుతాడు, రైల్లో పోయే వెయ్యి మందీ బతుకుతారు.