చూచిరాతా, చూసి ఆడే ఆటా?

హాస్టల్లో నా మంచం పక్కన గోడకి ఓ ఇనపతీగ వేలాడుతూ వుంటుంది. దానికి గుచ్చినవన్నీ పోస్టుకార్డులే. మా నాన్న ఎరువుల రసీదులు ఇలాగే తీగకి గుచ్చిపెడతాడు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఒక్కో కార్డు మీద నాలుగేసి అంకెలు: 5254, 7163. పక్కగది సీనియరొకాయన చాలాకాలం అవి మట్కా నంబర్లనుకుని నన్ను దూరం పెట్టాడు. అవి చదరంగం ఎత్తులు. నిలువు వరసలకీ అడ్డు వరసలకీ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పెట్టుకుంటే, మొదటి రెండంకెలు కాయ బయల్దేరిన గడి, తర్వాతి రెండూ చేరిన గడి. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆడుకోవటానికి ఉత్తరాల ఆటగాళ్లు ఏర్పరచుకున్న పద్ధతి.

కార్డులు పంపేది మా హైస్కూలు లెక్కల మాస్టారు. ఆయన రిటైరయి ఊళ్లోనే వున్నారు, నేను బి.ఎస్‌సి.కని ఇక్కడికొచ్చాను. ఒక ఆట తేలటానికి ఏడాది పడుతుంది. ఫోనుండగా కార్డులెందుకని అందరూ అడుగుతారు. ఫోను తెర చూస్తే ఆయనకి కళ్లు నీళ్లు కారతాయి. అంతే కారణం, ఇందులో ఆదర్శమేమీ లేదు.

ఈ ఆట కొత్తదేం కాదు. 1824 నుంచి 1828 దాకా లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఉత్తరాల మీద ఆడుకుంటే ఎడిన్‌బరో గెలిచింది. దాని పుణ్యానే ఒక ప్రారంభానికి స్కాచ్ ఆట అని పేరొచ్చింది. 1828లోనే మన దేశంలో మద్రాసు, హైదరాబాదు జట్లు కూడా ఇలాగే రెండు ఆటలు మొదలుపెట్టాయి. అప్పటికి మనకి రైలు లేదు! ఆ ఆటల్ని గులాం కాసిం వ్యాఖ్యతో 1829లో మద్రాసులో అచ్చువేశారు. ఆ పుస్తకం మీద ఆయన పేరూ జేమ్స్ కాక్రేన్ పేరూ కలిసి వున్నాయి.

అసలు సంగతికొస్తాను. ఉత్తరాల చదరంగంలో పుస్తకాలు చూసి ఆడొచ్చు. ఎదటివాడు ఎత్తు పంపాక నాలుగు రోజులు మన చేతిలో వుంటాయి. ఆ నాలుగు రోజులూ గ్రంథాలు తిరగెయ్యటం ఆటలో భాగమే. ఇది చెప్పగానే మా గదిలోవాళ్లు, "అయితే కాపీయేగా!" అంటారు. ఈ మాటకి జవాబు చెప్పాలనే ఈ వ్యాసం.

మా నాన్న ఏ యేడూ పక్క రైతుని అడక్కుండా విత్తనం కొనడు. దాన్ని ఎవరూ కాపీ అనరు. కాని ఎర్రనేలలో వాడికి వేరుశనగ విరగకాసిందని మా నల్లరేగడిలో వేశామా, అంతే సంగతులు. అడగటం తప్పు కాదు, అడిగిన తర్వాత మన నేల చూసుకోకపోవటం తప్పు.

పూర్వం ఈ అడగటానికి కూడా డబ్బుండాలి. బెల్‌గ్రేడు నుంచి 1966లో మొదలైన చెస్ ఇన్‌ఫార్మెంట్ సంపుటాలు, తర్వాత అక్కడి నుంచే వచ్చిన ప్రారంభాల విజ్ఞానసర్వస్వం కొనగలిగినవాడే సరైన ఆటగాడు. మాస్టారి దగ్గర అట్టలూడిన ఒకే ఒక్క పుస్తకం వుండేది. నేడు మార్క్ క్రౌథర్ అనే ఆయన 1994 నుంచి వారం వారం ప్రపంచంలో జరిగిన ఆటల్ని పోగుచేసి ఉచితంగా ఇస్తున్నాడు. స్టాక్‌ఫిష్ ఇంజను ఉచితం. లిచెస్‌లో లక్షలాది ఆటల్లో ఏ స్థితిలో ఎవరేం ఆడారో చూడొచ్చు, అదీ ఉచితమే. మా ఊరి రచ్చబండ మీద కూర్చున్నవాడికీ మాస్కోలో కూర్చున్నవాడికీ ఒకే గ్రంథాలయం. నా వరకు ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఇవన్నీ ఒక జాతివి కావు. సైన్సు విద్యార్థులం గనక మనమైనా తేడా గమనించాలి. డేటాబేసు చెప్పేది ఇదివరకు ఏం జరిగిందో. ఇంజను చెప్పేది దాని అంచనా. టేబుల్‌బేసు ఒక్కటే రుజువు. బల్ల మీద రాజులతో కలిపి ఏడు కాయలో అంతకన్నా తక్కువో మిగిలితే గెలుపో డ్రావో అది కచ్చితంగా చెబుతుంది, ఎందుకంటే ఆటకట్టు నుంచి వెనక్కి ప్రతి స్థితినీ లెక్కగట్టి పెట్టారు. రెండు బిషప్పులు, అంటే మన శకటాలు, ఒంటి గుర్రం మీద గెలవలేని కోట ఒకటుందని 1851 నుంచి అందరూ నమ్ముతూ వచ్చారు. బెల్ లేబ్స్‌లో కెన్ థాంప్సన్ 1983 ప్రాంతంలో కంప్యూటరుతో లెక్కగట్టిస్తే ఆ కోటా నిలవదని తేలింది. నూటముప్పై ఏళ్ల నమ్మకం!

డేటాబేసుతో నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. ఒక వరసలో తెల్లకి గెలుపులే ఎక్కువని చూసి ధీమాగా ఆ దారిన పోయాను. ఆ గెలుపులన్నీ పాతవి. ఆఖరున జరిగిన ఒకే ఒక్క ఆటలో నల్లవాడు జవాబు కనిపెట్టేశాడు. ఆ తర్వాత తెలిసినవాడెవడూ ఆ దారి తొక్కలేదు. మొత్తం ఎన్ని అని కాదు, చివరిది ఏమయిందని చూడాలి. పైగా అందులో గడియారం తరుముతుంటే తొందరలో ఆడినవీ, నెలలు ఆలోచించి ఆడినవీ కలగలిసి వుంటాయి. వడ్లూ తాలూ ఒకే రాశి.

ఇక ఇంజను. అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య ఇంజను వాడకాన్ని ఒప్పుకుంది. ఫలితం, ఇటీవలి ప్రపంచ ఫైనళ్లలో దాదాపు అన్నీ డ్రాలే. లిచెస్‌లో రోజుల గడువుతో ఆడే ఆటల్లోనేమో పుస్తకాలూ డేటాబేసూ చూడొచ్చుగాని ఇంజను నిషేధం. రెండూ న్యాయమే అంటాను నేను. ఇద్దరూ ముందు ఒప్పుకున్న నియమమేదో అదే న్యాయం. మాస్టారికీ నాకూ ఒప్పందం: పుస్తకమేదైనా సరే, ఇంజను వద్దు.

రెండో ఆటలో నేను ఆ ఒప్పందం తప్పాను. ప్రాక్టికల్స్ ముందు రోజులు, ఏనుగుల ముగింపు, తల పనిచెయ్యలేదు. ఇంజను చెప్పిన ఎత్తు కార్డు మీద రాసి డబ్బాలో వేశాను. వారానికి జవాబు వచ్చింది. "చాలా మంచి ఎత్తురా. ఎందుకు వేశావో రాయి." రెండు రోజులు బల్ల ముందు కూర్చున్నా ఎందుకో నాకు తెలియలేదు. కాపీ అంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో తెలిసింది. లఘులోలకం ప్రయోగంలో జవాబు ముందే తెలుసు గనక రీడింగులు వెనక నుంచి లెక్కగట్టి రికార్డులో దించుతామే (మిత్రులారా, మీరు దించలేదూ?), అదీ ఇదీ ఒకటే.

విద్యార్థి సంఘాన్ని ఒక కోరిక కోరుతున్నాను. మన కాలేజీ చదరంగం బల్లకి ఒక ఏనుగు లేదు, సుద్దముక్క నిలబెడుతున్నాం. ముందు ఆ ఏనుగు కొనండి. తర్వాత లైబ్రరీలో ఒక కంప్యూటరు మీద ఈ ఉచిత సరంజామా ఎక్కించండి. ఆరు కాయల దాకా పట్టికలు నూటయాభై జి.బి.లో సరిపోతాయి, ఏడుకాయలవి పదిహేడు టి.బి.కి అటూ ఇటూ, అవి ఇంటర్నెట్‌లో అడిగి చూసుకోవచ్చు. తరగతుల మధ్య ఏడాది పొడుగునా సాగే పోటీ ఒకటి పెట్టండి. నియమం ఒక్కటే: ఎత్తుతో పాటు ఏం చూశావో, ఎందుకు ఆడావో రెండు వాక్యాలు రాయాలి. "ఉచితంగా దొరికితే వీళ్లు దించటమే చేస్తారు" అని ఒక లెక్చరరుగారన్నారు. కావచ్చు. నేనూ దించినవాణ్ణే గదా. అయినా నన్ను పట్టుకున్నది నిఘా కాదు, ఒక ప్రశ్న.

ఆ ఆట వదులుకుంటున్నానని, కారణమిదని మాస్టారికి రాశాను. పదకొండు రోజులు కార్డు రాలేదు. పన్నెండో రోజు వచ్చింది. తిట్టలేదు. మా చేను కలుపు సంగతి రాసి, కింద "కొత్త ఆట, తెల్ల నాది, 5254" అని వేశారు. 5755 అని జవాబిచ్చి, దాని కింద నేను చూసిన పుస్తకం పేరు రాశాను.