బక్రీద్ మూడు రోజులు కుదిరేది.. మిగతా రోజుల్లో ఎందుకు కుదరడం లేదు?

హైదరాబాద్‌లో బక్రీద్ దగ్గర పడుతోందంటే మున్సిపల్ యంత్రాంగం ముందే కదులుతుంది. ఖుర్బానీ వ్యర్థాలు వేయడానికి ఇళ్లకు కవర్లు పంచుతారు. అదనంగా బండ్లు, సిబ్బందిని పెడతారు. కవర్ ఎక్కడ పెట్టాలో, బండి ఎప్పుడొస్తుందో బస్తీ పెద్దలు, మసీదు కమిటీలు జనానికి చెబుతాయి. లోటుపాట్లు లేవని కాదు. అయినా పండుగ చెత్తలో ఎక్కువ భాగం విడిగానే బయటికి వెళ్తుంది.

పండుగ అయిపోగానే కథ మళ్లీ మొదటికే. అన్నం, కూరగాయల తొక్కలు, కోడి వ్యర్థాలు, రాలిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఒకే బండిలో పడుతున్నాయి. తడి, పొడి చెత్త వేరు చేయమని 2015లోనే నగరంలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. చాలా ఇళ్లలో అవి నీళ్లు పట్టుకోవడానికో, బియ్యం పోసుకోవడానికో పనికొచ్చాయి. తప్పంతా జనానిదే అనలేం. ఇంట్లో వేరు చేసి ఇచ్చింది కళ్లముందే బండిలో కలిపేస్తుంటే మర్నాడు ఎవరు వేరు చేస్తారు?

నియమాలు లేక కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే ఈ బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించాయి. కూరగాయలు, మాంసం, చేపల మార్కెట్ల వ్యర్థాలను ఏ రోజుకారోజు తీసుకెళ్లాలి. పార్కుల ఆకులు, కొమ్మలను విడిగా సేకరించి, వీలైనంత వరకు అక్కడే ఎరువు చేయాలి. రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే ఫంక్షన్ హాళ్లు, హోటళ్ల లాంటివాటికి వేరే బాధ్యతలున్నాయి.

సేకరణ కేంద్రం నడపడమంటే ఖాళీ జాగాలో గుట్ట పోయడం కాదు. ఒక్క తడి చెత్తే పోస్తే గాలి ఆడక కుళ్లి కంపు కొడుతుంది. ఎండుటాకులు, చిన్నగా నరికిన కొమ్మలు కలిపితే గాలి ఆడుతుంది. గుట్టలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే రోగక్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. మాంసం వ్యర్థాలను అందులో వేస్తే కుక్కలు, ఎలుకలు చేరతాయి కాబట్టి వాటి దారి వేరుగా ఉండాలి. గాజు పెంకులు, ప్లాస్టిక్ కలిస్తే ఆ ఎరువును ఏ రైతూ కొనడు. అందుకే గేటు దగ్గర చూసి తీసుకునే మనిషి, కొమ్మలు నరికే యంత్రం, వచ్చిన సరుకు లెక్క తప్పనిసరి.

ఇది అయ్యే పనేనని చూపినవి ఉన్నాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021లో దేశమంతా చెప్పుకుంది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన బయో సీఎన్జీ ప్లాంట్ సామర్థ్యం రోజుకు 550 టన్నులు. రెండు చోట్లా గెలుపు రహస్యం యంత్రంలో లేదు, వేరుగా వచ్చిన తడి చెత్తలో ఉంది.

వేరు చేయకపోతే ఆ భారం పడేది పేదల మీదే. కలిసిన చెత్తలో చేతులు పెట్టేది పారిశుధ్య కార్మికులు. కంపు, నల్లటి ఊట నీరు భరించేది జవహర్‌నగర్ చుట్టుపక్కల కుటుంబాలు. బస్తీలో చెత్త ఆగితే దోమలు, కుక్కల బెడద పిల్లలకే ముందు.

బక్రీద్ నేర్పేది చిన్న పాఠమే. చోటు, టైమ్ ముందే చెప్పి, బండి మాట నిలబెట్టుకుంటే జనం సహకరిస్తారు. ప్రతి వార్డులో ఆకులు, తడి చెత్తకు ఒక కేంద్రం కావాలని, తడి చెత్త బండి వేరుగా రావాలని కార్పొరేషన్‌ను అడగాల్సింది బస్తీవాసులే. ఇంట్లో రెండు డబ్బాలు పెట్టుకుని అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది.